తిరుగుబాటు అణచివేత, ఆ తర్వాతి శాంతి: సైనిక నాయకత్వంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుగుబాట్ల గురించి రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, కొత్తగా సైన్యంలో చేరినవాళ్లు, టీవీలో వార్త చూసి కోపంతో ఊగిపోయేవాళ్లు, అందరూ తిరిగి తిరిగి అవే సందేహాల దగ్గరికి వస్తున్నారు. అందుకే ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావాల్సిన దగ్గర మొదలుపెట్టండి.

## సైన్యం దిగే ముందు, దిగిన తొలి నెలలు

తిరుగుబాటు, ఉగ్రవాదం, అంతర్యుద్ధం: మూడూ ఒకటేనా?

కాదు. ఉగ్రవాదం ఒక పద్ధతి. జనాన్ని భయపెట్టి పని సాధించుకోవడం. తిరుగుబాటు రాజకీయ ప్రయత్నం. ప్రభుత్వాన్ని కూల్చడానికో, కొంత ప్రాంతాన్ని విడదీయడానికో ఒక సంఘటిత బృందం తుపాకీతో పాటు ప్రచారం, పన్ను వసూళ్లు, పంచాయితీలు కూడా నడుపుతుంది. రెండు పక్షాలూ చెరో ప్రాంతాన్ని పట్టుకుని సైన్యాల్లా తలపడే దాకా వెళ్తే దాన్ని అంతర్యుద్ధం అంటాం.

ఈ తేడా పరీక్షల కోసం కాదు, కమాండర్ కోసం. ఒక ఊళ్లో భూతగాదాలను గెరిల్లా దళం తీరుస్తోందంటే, అక్కడ కోర్టు పనిచేయడం లేదని అర్థం. దళాన్ని తరిమేసినా తగాదాలు అక్కడే ఉంటాయి. వాటిని తీర్చే మనిషి రాకపోతే దళమే తిరిగి వస్తుంది.

ఇంత పెద్ద సైన్యం ఉండి కొన్ని వేలమంది గెరిల్లాలను ఎందుకు ఓడించలేకపోతుంది?

మలయాలో (ఇప్పుడు మలేసియాలో భాగం) 1948 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. అడవిలో ఉన్న కమ్యూనిస్టు గెరిల్లాలు ఎక్కువలో ఎక్కువ ఏడెనిమిది వేల మంది. ఎమర్జెన్సీ ఎత్తేసింది 1960 జూలైలో. అంటే పన్నెండేళ్లు పట్టింది.

ఎదురుపడితే సైన్యమే గెలుస్తుంది. ఎదురుపడటమే కష్టం. ఫిరంగులు, విమానాలు, ట్యాంకులు అన్నీ శత్రువు ఎక్కడున్నాడో తెలిశాక పనికొచ్చేవి. తెలియకుండా వాడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టే. పిచ్చుక ఎగిరిపోతుంది, చెట్టు కాలిపోతుంది, ఆ చెట్టు ఎవరిదో ఆ ఇంట్లోంచి మరో కుర్రాడు అడవిలోకి వెళ్తాడు. గెరిల్లా ఎక్కడున్నాడో తెలిసినవాళ్లు ఊరివాళ్లు. వాళ్లు నోరు విప్పాలంటే సైన్యం మీద నమ్మకం కుదరాలి. నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లే ఈ యుద్ధాన్ని సాగదీస్తాయి.

ఇది పోలీసుల పని కదా, సైన్యాన్ని ఎందుకు దింపుతారు?

నిజమే, పోలీసులే చేయాలి. స్టేషన్లు తగలబడి, కానిస్టేబుళ్లు బదిలీలు పెట్టుకుని వెళ్లిపోయాక సైన్యం వస్తుంది. ఆ దశలో దాని మొదటి పని పోలీసులు తిరిగి నిలబడేంత చోటు సంపాదించి పెట్టడం. ఈ సంగతి మరచిపోయిన సైన్యం తానే పోలీసుగా స్థిరపడిపోతుంది, ఆ తర్వాత ఎప్పటికీ బయటపడలేదు.

ఎంత మంది సైనికులు కావాలి? 1000 మందికి 20 అనే లెక్క నిజమేనా?

పాత అనుభవాల నుంచి తీసిన ఉజ్జాయింపు లెక్క అది. జనాభాలో ప్రతి 1000 మందికి 20 మంది భద్రతా సిబ్బంది ఉండాలని 2006 డిసెంబరులో అమెరికా సైన్యం విడుదల చేసిన మాన్యువల్ కూడా చెప్పింది. 2003 నాటి ఇరాక్ జనాభా సుమారు రెండున్నర కోట్లు. ఆ లెక్కన 5 లక్షల మంది కావాలి. యుద్ధానికి ముందు, 2003 ఫిబ్రవరిలో, అమెరికా సైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్‌సెకి సెనేట్ కమిటీ ముందు కొన్ని లక్షల మంది అవసరమవుతారని చెప్పారు. పెంటగాన్ పెద్దలు ఆ మాటను బహిరంగంగా కొట్టిపారేశారు. బాగ్దాద్ పడిపోయాక వీధుల్లో లూటీలు ఆపడానికి మనుషులు చాలలేదు.

ఆ 20 మందిలో స్థానిక పోలీసులు, హోంగార్డుల లాంటివాళ్లు కూడా లెక్కకు వస్తారు. నా దృష్టిలో వాళ్లే విలువైనవాళ్లు. ఊరి యాస తెలిసిన ఒక కానిస్టేబుల్ చేసే పని, ఆ భాష రాని పది మంది సైనికులు చేయలేరు.

తొలి నెలల్లో జరిగే అతి పెద్ద తప్పు ఏది?

ఓడిన పక్షంలో అందరినీ ఒకే గాటన కట్టేయడం. 2003 మే 16న ఇరాక్‌లో అమెరికా నియమించిన పాలనాధికారి పాల్ బ్రెమర్ తొలి ఉత్తర్వు ఇచ్చారు: సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ పై శ్రేణుల్లో ఉన్నవాళ్లెవరూ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండకూడదు. అందులో స్కూలు టీచర్లు, ఇంజనీర్లు కూడా పోయారు. వారం తర్వాత, మే 23న, రెండో ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశారు.

ఒక్కసారి ఆ రద్దయిన మేజర్ ఇంట్లోకి తొంగి చూడండి. నిన్నటిదాకా జీతం, హోదా, వీధిలో నమస్కారాలు. ఈరోజు ఏమీ లేవు. ఇంటి వెనక ఆయుధాలు దాచిన చోటు మాత్రం తెలుసు, తన కింద పనిచేసిన వందమంది పేర్లూ తెలుసు. అతని దగ్గరికి మొదట ఎవరు వచ్చి కూర్చుంటారో దాన్ని బట్టి తర్వాతి ఐదేళ్లు నడిచాయి. అక్కడి అమెరికా కమాండర్లు చాలామంది ఈ నిర్ణయాన్ని తర్వాత బహిరంగంగానే తప్పుపట్టారు. తప్పు చేసినవాడిని శిక్షించడం వేరు, ఉద్యోగం చేసిన ప్రతివాడినీ శత్రువుగా మార్చుకోవడం వేరు.

## పోరు నడుస్తున్నప్పుడు

కొత్తగా వచ్చిన యూనిట్ కమాండర్ మొదటి నెలలో ఏం చేయాలి?

నడవాలి. వాహనాల అద్దాల్లోంచి ఊరు కనబడదు. ఏ బావి ఎవరిది, పంటకు అప్పు ఎవరు ఇస్తారు, ఏ రెండు కుటుంబాలకు మాటల్లేవు, బడి టీచర్ చివరిసారి ఎప్పుడు వచ్చాడు, సంత రోజు ఎవరి దుకాణం మూసి ఉంది: ఇవన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. మ్యాపులో ఊరు ఒక చుక్క. ఆ చుక్కలో నాలుగు వాడలు, ఆరు పగలు ఉంటాయి.

మరో మాట. ఎవరో వచ్చి "ఫలానావాడు గెరిల్లా" అని చెప్పగానే తలుపులు బద్దలుకొట్టకూడదు. చెప్పినవాడికీ వాడికీ మధ్య గట్టు తగాదా ఉందేమో ముందు కనుక్కోవాలి. కొత్త కమాండర్‌ను తమ పగ తీర్చుకోవడానికి వాడుకోవాలని చూసేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. తొలి అరెస్టు తప్పయితే ఊరంతా ఒక్క రాత్రిలో తెలుసుకుంటుంది, వీళ్లకేమీ తెలియదని.

జనం సమాచారం ఎందుకు ఇవ్వరు? వాళ్లంతా గెరిల్లాల మద్దతుదారులేనా?

ఎక్కువమంది ఎవరికీ మద్దతుదారులు కారు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్నవాళ్లు. పగలు పెట్రోలింగ్ వస్తుంది, అడుగుతుంది, వెళ్లిపోతుంది. రాత్రి తలుపు తట్టేది మరొకరు. పగలు ఎవరితో ఎంతసేపు మాట్లాడావని వాళ్లూ అడుగుతారు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఆ తండ్రి "నాకేం తెలీదు సార్" అనక ఏమంటాడు?

ఈ మాట విని సైనికుడికి కోపం వస్తుంది, అది సహజం. ఆ మాట వెనకున్న లెక్కను తన జవాన్లకు అర్థమయ్యేలా చెప్పడం కమాండర్ బాధ్యత. రాత్రిపూట ఊళ్లో ఎవరు ఉంటారన్నదే ఆ లెక్క. ఇరాక్‌లో 2007లో బలగాలను పెద్ద శిబిరాల్లోంచి తీసి వాడల మధ్య చిన్న చిన్న పోస్టుల్లో పెట్టాక సమాచారం పెరిగింది. అదే వాడలో పడుకునేవాడికి చెప్పిన మాటకు రాత్రి కూడా అండ ఉంటుందని జనానికి నమ్మకం కలిగింది. దానికి మూల్యమూ ఉంది. ఆ తొలి నెలల్లో సైనికుల మరణాలు బాగా పెరిగాయి.

చంపినవాళ్ల లెక్క చూసి గెలుస్తున్నామని అనుకోవచ్చా?

వద్దు. ఇది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే జవాబు.

వియత్నాంలో అమెరికా సైన్యం శవాల లెక్కను పురోగతికి కొలమానంగా పెట్టుకుంది. లెక్క ఎక్కువ చూపిన అధికారికి మంచి రిపోర్టు వచ్చేది. దాంతో లెక్కలు పెరిగాయి, చనిపోయినవాడు రైతా గెరిల్లానా అని అడిగేవాళ్లు తగ్గారు. కొలంబియాలో ఇంకా ఘోరం జరిగింది. ఉద్యోగం ఇప్పిస్తామని పేద యువకులను దూరప్రాంతాలకు తీసుకెళ్లి కాల్చేసి, గెరిల్లా దుస్తులు తొడిగి, ఎన్‌కౌంటర్‌లో చనిపోయినట్టు చూపారు. 2002 నుంచి 2008 మధ్య ఇలా కనీసం 6,402 మందిని చంపారని అక్కడి ప్రత్యేక శాంతి న్యాయస్థానం 2021లో ప్రకటించింది. ఆ హత్యల వెనక సెలవులు, బహుమతులు, ప్రమోషన్లు ఉన్నాయి.

కింది స్థాయి సైనికుడు రాక్షసుడై పుట్టలేదు. పైనుంచి రోజూ వచ్చే ఫోన్‌లో "ఎన్ని?" అన్న ఒకే ప్రశ్న ఉంటే, కింద దానికే జవాబు తయారవుతుంది. ఆ ప్రశ్న మారాలి. ఈ నెలలో సంత ఎన్ని వారాలు జరిగింది? రాత్రి బస్సు నడుస్తోందా? మందుపాతరల గురించి ఎన్ని కబుర్లు ఊరివాళ్ల నుంచి ముందుగా అందాయి? సర్పంచ్ లాంటివాళ్లు ఊళ్లోనే పడుకుంటున్నారా, పట్నానికి వెళ్లి పడుకుంటున్నారా?

మనసులు గెలుచుకోవడం అంటే దుప్పట్లు పంచి, మెడికల్ క్యాంపులు పెట్టడమేనా?

ఆ మాటకు పేరు తెచ్చిన జనరల్ జెరాల్డ్ టెంప్లర్, మలయాలో బ్రిటిష్ హైకమిషనర్, అంత మెత్తటివాడేమీ కాదు. 1952 మార్చిలో మలయాలోని తంజోంగ్ మాలిమ్ దగ్గర గెరిల్లాలు మాటుగాచి 12 మందిని చంపేస్తే, ఆయన వచ్చి ఊరి పెద్దలను చీవాట్లు పెట్టి, 22 గంటల కర్ఫ్యూ విధించి, బియ్యం రేషన్ తగ్గించారు. ప్రతి ఇంటికీ కాగితం ఇచ్చి తెలిసింది రాయమన్నారు. ఆ కాగితాలు వేసిన పెట్టెలను స్వయంగా తెరిచారు. ఊరందరికీ కలిపి శిక్ష వేయడాన్ని నేను సమర్థించను. బ్రిటన్‌లోనే అప్పట్లో దాని మీద విమర్శ వచ్చింది.

పరిస్థితిని మార్చినవి వేరే. చైనా మూలాలున్న, పట్టాల్లేని లక్షల మందికి పౌరసత్వానికి దారి దొరికింది, కొందరికి భూమి మీద హక్కు వచ్చింది, అన్నిటికీ మించి స్వాతంత్ర్యం వస్తుందన్న హామీ నిజమై 1957 ఆగస్టు 31న జెండా ఎగిరింది. తెల్లవాళ్లను వెళ్లగొట్టడానికే పోరాడుతున్నాం అనే మాట అక్కడితో చెల్లకుండా పోయింది. దుప్పటి చలికాలం దాకా. పట్టా మనవడి దాకా.

ఊళ్లను ఖాళీ చేయించి ఒకచోట చేర్చడం పనిచేస్తుందా?

మలయాలో పనిచేసిందని చెప్పుకుంటారు. 1950లో లెఫ్టినెంట్ జనరల్ హెరాల్డ్ బ్రిగ్స్ వేసిన పథకం కింద సుమారు 5 లక్షల మందిని ముళ్లకంచెలున్న కొత్త ఊళ్లలోకి చేర్చారు. గెరిల్లాలకు బియ్యం అందే దారులు మూసుకుపోయాయి. అయితే వాళ్లలో ఎక్కువమంది ఆ నేల మీద తరతరాలుగా ఉన్నవాళ్లు కారు.

అదే పథకాన్ని 1962లో దక్షిణ వియత్నాంలో పెడితే ఏడాదిన్నరలో కూలిపోయింది. అక్కడి రైతుకు పొలం, పూర్వీకుల సమాధులు ఊళ్లోనే ఉన్నాయి. వాటి నుంచి లాగేస్తే గోడకు ఇవతల ఉన్నా మనసు అవతలే ఉంటుంది. ఆ పథకాన్ని నడిపిన ముఖ్య అధికారుల్లో ఒకడైన కర్నల్ ఫామ్ న్గోక్ థావో రహస్యంగా కమ్యూనిస్టుల మనిషి అని తర్వాత బయటపడింది. మిజోరంలో 1967 నుంచి ఇలాగే ఊళ్లను కలిపారు. పోడు సాగు దెబ్బతిని, స్వయంగా పండించుకునేవాళ్లు రేషన్ కోసం వరుసల్లో నిలబడ్డారు. ఆ చేదు గుర్తు ఇంకా పోలేదు.

రెచ్చగొడుతున్నా కాల్పులు జరపకుండా ఆగడం పిరికితనం కాదా?

2003 ఏప్రిల్ 3, ఇరాక్‌లో షియాల పవిత్ర నగరం నజఫ్. లెఫ్టినెంట్ కర్నల్ క్రిస్ హ్యూస్ తన అమెరికన్ బెటాలియన్ జవాన్లతో షియా మతగురువు అయతొల్లా సిస్తానీ ఇంటి వైపు నడుస్తున్నారు. వీళ్లు ఇమాం అలీ దర్గాలోకి చొరబడటానికే వస్తున్నారన్న పుకారు పాకింది. నిమిషాల్లో వీధి నిండిపోయింది. అరుపులు, రాళ్లు. జవాన్ల వేళ్లు ట్రిగ్గర్ల దగ్గర ఉన్నాయి, వాళ్లకు భాష రాదు.

హ్యూస్ తన తుపాకీ గొట్టాన్ని నేల వైపు తిప్పారు. అందరూ ఒక మోకాలి మీద కూర్చోండి అన్నారు. తుపాకులు కిందికి. నవ్వండి. సాయుధులైన కుర్రాళ్లు ఆ గుంపు ముందు మోకాలి మీద కూర్చుని నవ్వారు. గుంపులో కొందరు చల్లబడి వాళ్లూ కూర్చున్నారు. తర్వాత లేచి, మెల్లగా వెనక్కి తిరిగి వచ్చేశారు.

అక్కడ ఒక్క తూటా పేలి ఉంటే షియా నగరాలన్నీ భగ్గుమనేవి. కాల్చడానికి ఆ వీధిలో ఏ ధైర్యమూ అక్కర్లేదు, భయం చాలు. తన జవాన్ల భయాన్ని తాను మోసి, వాళ్ల చేత నవ్వించాడే, దాన్ని నేను నాయకత్వం అంటాను. జవాన్లు ఎందుకని అడగకుండా కూర్చున్నారంటే అంతకుముందు ఎన్ని నెలలు ఆయన్ను నమ్మి ఉండాలి!

హింసించి నిజం రాబడితే ప్రాణాలు నిలుస్తాయి కదా?

1957లో అల్జీర్స్ నగరంలో ఫ్రెంచ్ పారాట్రూపర్లు ఈ దారే పట్టారు. చిత్రహింసలతో రహస్య బృందాల జాడ లాగారు, ఆ ఏడాది చివరికల్లా నగరంలో బాంబుల మోత ఆగింది. ఐదేళ్లు తిరక్కుండా, 1962 జూలైలో, అల్జీరియా స్వతంత్ర దేశమైంది. నగరాన్ని గెలిచారు, దేశాన్ని పోగొట్టుకున్నారు, ఫ్రాన్స్‌లో సొంత ప్రజల ముందు తలదించుకున్నారు.

అప్పుడే జనరల్ జాక్ పారిస్ ద బొలార్డియేర్ అనే యుద్ధవీరుడు ఈ పద్ధతుల్లో తాను భాగం కానని, తనను బాధ్యతల నుంచి తప్పించమని అడిగారు. బహిరంగంగా మాట్లాడినందుకు ఆయనకు 60 రోజుల కోట నిర్బంధం విధించారు. హింసకు ఒప్పుకోని అధికారి ఉండగలడనడానికి ఆయనే సాక్ష్యం. ఇరాక్‌లోని అబూ గ్రయిబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు 2004లో బయటపడ్డాక, ఆ చిత్రాలు శత్రువులకు ఏళ్ల తరబడి ప్రచార పోస్టర్లయ్యాయి.

తోటి సైనికుడు చనిపోయిన మర్నాడు జవాన్లను ఎలా అదుపులో పెట్టాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువగా యూనిఫాంలో ఉన్నవాళ్లే. 2005 నవంబరు 19న ఇరాక్‌లోని హదీసాలో రోడ్డు పక్క బాంబుకు ఒక మెరీన్ చనిపోయాడు. తర్వాతి గంటల్లో 24 మంది ఇరాకీలను చంపేశారు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు.

మరుసటి పెట్రోలింగ్‌కు అదే సెక్షన్‌ను పంపకండి. కొన్ని గంటలైనా వెనక్కి తీయండి. చనిపోయినవాడి పేరు పెట్టి మాట్లాడండి, అతని ఖాళీ మంచం దగ్గర అందరినీ ఏడవనివ్వండి. ఆ తర్వాత ఒకే మాట స్పష్టంగా చెప్పండి: ఈ వీధిలో ఉన్నవాళ్లు వాణ్ని చంపలేదు. కమాండర్ ఆ రోజు తన గదిలో కూర్చుని ఫోన్లో మాట్లాడుతుంటే, ఆ మాట చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మరునాటి పెట్రోలింగ్‌లో కమాండర్ కూడా నడవాలి.

నా కిందివాళ్లు తప్పు చేస్తే బయటపెట్టాలా? యూనిట్ పరువు పోదా?

బయటపెట్టాలి, వెంటనే. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలైలో అమెరికన్ సైనికులు గ్రామస్థులను చంపుతుంటే, హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ పైలట్ తన హెలికాప్టర్‌ను వాళ్ల మధ్యకు దించాడు. మనవాళ్లు ఈ జనం మీద కాలిస్తే మీరు మనవాళ్ల మీద కాల్చండని తన సిబ్బందికి చెప్పాడు. ఆ పైలట్‌ను ఏళ్లపాటు ద్రోహి అన్నారు. ఆ పనికి సరైన గుర్తింపుగా పతకం ఇవ్వడానికి 30 ఏళ్లు పట్టింది.

ఉత్తర ఐర్లాండ్‌లో 1972 జనవరి 30న బ్రిటిష్ పారాట్రూపర్ల కాల్పుల్లో 13 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత మరణించారు. కాల్పులు సమర్థనీయమేనని తొలి విచారణ చెప్పింది. కాదని రెండో విచారణ తేల్చి, ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పేసరికి 2010 వచ్చింది. ఆ తొలి కాల్పుల కంటే, వాటిని కప్పిపుచ్చిన తీరే ఎక్కువ మంది కుర్రాళ్లను బ్రిటన్ మీద పోరాడే సాయుధ సంస్థ ఐఆర్ఏ వైపు నెట్టిందని నేను నమ్ముతాను.

నిన్నటి శత్రువుతో చేతులు కలపవచ్చా?

కలపక తప్పదు. 2006లో ఇరాక్‌లోని రమాదీలో కర్నల్ షాన్ మెక్‌ఫార్లండ్ అంతకుముందు తమ మీద కాల్పులు జరిపిన తెగల పెద్దలతో మాట్లాడారు. షేక్ సత్తార్ అబూ రిషా ముందుకొచ్చి సెప్టెంబరులో అల్-ఖైదాకు ఎదురు తిరిగారు. ఏడాదిలో ఆ నగరం ముఖం మారింది. షేక్ సత్తార్‌ను మాత్రం 2007 సెప్టెంబరు 13న చంపేశారు.

ఆ ఉద్యమం నుంచి వచ్చిన సుమారు లక్ష మంది కాపలా మనుషులకు ప్రభుత్వ ఉద్యోగాలు ఇస్తామని మాట ఇచ్చారు. బాగ్దాద్ ప్రభుత్వం ఆ మాట సగంలోనే వదిలేసింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టయింది. 2014లో ఐసిస్ వచ్చినప్పుడు ఆ జిల్లాల్లో అడ్డుపడేవాళ్లు తక్కువయ్యారు.

## తుపాకులు ఆగాక

ఒక ప్రాంతాన్ని ఖాళీ చేయించాక అక్కడ ప్రభుత్వం ఎలా వస్తుంది?

పైనుంచి ఊడిపడదు. 2010 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్‌లోని మర్జాలోకి వేలమంది సైనికులు వెళ్లారు. డబ్బాలో పెట్టిన ప్రభుత్వం సిద్ధంగా ఉంది, తెరవడమే తరువాయి అన్నట్టు అక్కడి బలగాల కమాండర్ జనరల్ మెక్‌క్రిస్టల్ చెప్పారు. మే నాటికి ఆయనే దాన్ని నెత్తురు కారే పుండు అన్నారు. ఊరికి అధికారి అయితే వచ్చాడు, ఆయన వెనక గుమాస్తా లేడు, న్యాయమూర్తి లేడు, జనానికి ఆయన ఎవరో తెలియదు. సైన్యం వేగం రోజుల్లో, పాలన వేగం ఏళ్లలో. రెండోదాన్ని చూసుకుని మొదటిది కదలాలి.

ఆయుధాలు అప్పగించినవాళ్లను ఏం చేయాలి?

తుపాకీ తీసుకోవడం తేలిక. ఇరవై ఐదేళ్లవాడికి తెలిసిన పని అదొక్కటే, ఇప్పుడు అది లేదు. అతనికి పని కావాలి, గుర్తింపు కార్డు కావాలి, ఊరు తిరిగి రానివ్వాలి. సియెర్రా లియోన్‌లో 2002 జనవరి నాటికి 70,000 మందికి పైగా ఆయుధాలు అప్పగించారు. వడ్రంగం, టైలరింగ్ లాంటి శిక్షణ ఇచ్చారు. పనిముట్ల పెట్టెలు తీసుకుని, కొనేవాళ్లు లేక అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. శిక్షణ ఇచ్చేముందు ఆ ఊళ్లో ఎన్ని కుర్చీలు అమ్ముడుపోతాయో చూడాలి.

కొలంబియాలో 2016 ఒప్పందం తర్వాత ఆయుధాలు వదిలిన ఫార్క్ గెరిల్లా సంస్థ సభ్యులు వందల మంది హత్యకు గురయ్యారు. లొంగిపోయినవాణ్ని కాపాడలేని ప్రభుత్వాన్ని చూసి అడవిలో మిగిలినవాడు బయటికి రాడు.

ఎన్నికలు వెంటనే పెట్టాలా?

రెండు దేశాలు చూడండి. అంగోలాలో 1992 సెప్టెంబరులో ఎన్నికలు పెట్టారు. అప్పటికి రెండు సైన్యాలూ పూర్తిగా రద్దు కాలేదు. ఓడిన తిరుగుబాటు నాయకుడు సవింబీ దళాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఆయన అడవికి వెళ్లిపోయాడు. 2002లో ఆయన చనిపోయేదాకా యుద్ధం నడిచింది. మొజాంబిక్‌లో ఒప్పందం 1992 అక్టోబరులో కుదిరింది. దళాలను రద్దు చేశాకే, 1994 అక్టోబరులో ఓటింగ్ జరిపారు. ఓడినవాళ్లు పార్లమెంటులో కూర్చున్నారు.

సైన్యం ఎప్పుడు బ్యారక్‌లకు వెళ్లాలి?

రాత్రి పదింటికి దొంగతనం జరిగితే జనం పోలీసుకు ఫోన్ చేస్తున్న రోజున. ఉత్తర ఐర్లాండ్‌లో సైనిక ఆపరేషన్ 1969లో మొదలై 2007 జూలై 31న ముగిసింది. మధ్యలో జరిగిన పెద్ద పని పోలీసుల్ని మార్చడం. పాత దళంలో కాథలిక్కులు 8 శాతం దగ్గర ఉండేవాళ్లు. 2001లో కొత్త పేరు, కొత్త చిహ్నం, సగం సగం నియామకాలతో కొత్త దళం వచ్చింది. పదేళ్లలో ఆ వాటా సుమారు 30 శాతానికి చేరింది. తన వాడకట్టు కుర్రాడు ఆ యూనిఫాంలో కనబడితే ఫోన్ చేయడానికి చేయి ముందుకొస్తుంది.

స్థానిక సైన్యానికి శిక్షణ ఇచ్చి అప్పగించి వచ్చేస్తే చాలదా?

2014 జూన్‌లో మోసుల్, 2021 ఆగస్టు 15న కాబూల్ శత్రువు చేతికి పడిపోయాయి. రెండు చోట్లా ఆయుధాలు, శిక్షణ ఉన్నాయి. జీతాల జాబితాలో ఉండి శిబిరంలో లేని సైనికులూ రెండు చోట్లా ఉన్నారు. నెలల తరబడి జీతం రాని, తిండి సరిగా అందని, గాయపడితే హెలికాప్టర్ వస్తుందో రాదో తెలియని జవాను ఎవరి కోసం నిలబడాలి? కవాతు నేర్పడానికి 12 వారాలు చాలు. జీతం దోచుకోని కల్నల్‌ను తయారు చేయడానికి ఒక తరం పడుతుంది.

పూర్తిగా ఓడిస్తే సమస్య తీరినట్టే కదా? శ్రీలంకలో అలాగే జరిగింది కదా?

2009 మేలో ఎల్టీటీఈ సైనికంగా అంతమైంది. ఆ తర్వాత ఆ స్థాయి సాయుధ పోరాటం తిరిగి రాలేదు, బాంబు పేలుళ్లు ఆగాయి. దాన్ని తక్కువ చేయను. చివరి నెలల్లో 40,000 వరకు పౌరులు మరణించి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. శ్రీలంక ప్రభుత్వం ఆ లెక్కను ఒప్పుకోలేదు.

2017 ఫిబ్రవరిలో కిలినొచ్చిలో తల్లులు రోడ్డు పక్కన గుడారం వేసుకుని కూర్చున్నారు. చేతుల్లో పిల్లల ఫొటోలు, మా బిడ్డ బతికున్నాడా లేడా చెప్పండి చాలు అని. ఏళ్లు గడిచాయి. జవాబు అందకుండానే ఆ తల్లుల్లో కొందరు కన్నుమూశారు. ఆ ఫొటో పట్టుకున్న చేతికి ఏమని చెప్పాలి? యుద్ధం గెలిచినవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చేదాకా, నా దృష్టిలో ఆ ఫైలు మూసినట్టు కాదు.

తిరుగుబాటు నాయకుడే ముఖ్యమంత్రి కావడం ఎలా సాధ్యమైంది?

మిజోరం కథ అందరూ చదవాలి. 1966లో మిజో నేషనల్ ఫ్రంట్ తిరుగుబాటు మొదలైంది, ఐజ్వాల్ మీద విమానాలు కాల్పులు జరిపాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 1986 జూన్ 30న, ఒప్పందం కుదిరింది. అప్పటి ముఖ్యమంత్రి లాల్ తన్‌హావ్లా తన కుర్చీ ఖాళీ చేసి, ఫ్రంట్ నాయకుడు లాల్‌డెంగాను కూర్చోబెట్టి, తాను ఉప ముఖ్యమంత్రిగా చేశారు. 1987 ఫిబ్రవరిలో మిజోరం రాష్ట్రమైంది. మరుసటి ఏడాదే లాల్‌డెంగా ప్రభుత్వం కూలిపోయింది. అయినా ఎవరూ అడవికి తిరిగి వెళ్లలేదు, మళ్లీ ఎన్నికలకు వెళ్లారు. అడవిలో ఆయన వెంట ఉన్న జోరంతంగా 1998లో ఓట్లతో ముఖ్యమంత్రి అయ్యారు.

కుర్చీ ఖాళీ చేసిన మనిషి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నేను ఆయన పేరు ముందు చెబుతాను.

బదిలీ అయి వెళ్లేటప్పుడు కమాండర్ తర్వాతివాడికి ఏం అప్పగించాలి?

ఆయుధాల జాబితా, వాహనాల లాగ్‌బుక్ ఎలాగూ అప్పగిస్తారు. వాటితో పాటు మూడు కాగితాలు రాయండి. ఊరివాళ్లకు ఇచ్చిన మాటలు, వాటిలో నెరవేరనివి ఏవి, ఎవరికి ఇచ్చారు అన్నది మొదటిది. మన వల్ల నష్టపోయినవాళ్ల పేర్లు రెండోది: కూలిన గోడ ఎవరిది, చనిపోయిన ఎద్దు ఎవరిది, పొరపాటున అరెస్టయిన కుర్రాడు ఎవరు, పరిహారం అందిందా లేదా. మూడోది మనల్ని నమ్మి ప్రమాదం కొనితెచ్చుకున్నవాళ్ల గురించి. దాన్ని కాగితం మీద పెట్టడం కూడా ప్రమాదమే కాబట్టి, కొత్త కమాండర్‌ను వెంటబెట్టుకుని నడిచి, ఏ ఇంటి దగ్గరా ఆగకుండా, నోటిమాటగా చెప్పండి.